మునిమాపు మడుగులో ఎర్రబంతి

ఆ మడుగు మీద పొద్దు గుంకడం ఎప్పుడో మొదలైంది గాని, పూర్తిగా గుంకిన రోజు మాత్రం లేదు. పడమటి కొండ భుజం మీద సూర్యుడు గడ్డం ఆనించి, ఇంటికి పోవాలా వద్దా అని ఆలోచిస్తూ అలాగే ఉండిపోయాడు. నీళ్ళ మీద కుంకుమరంగు, దాని అడుగున నేరేడుపండు రంగు, ఇంకా లోతుకు చూస్తే కాటుక. కలువలు విచ్చుకోవాలో ముడుచుకోవాలో తేలక సగంలో ఆగిపోయాయి. గూళ్ళకు మళ్ళిన కొంగల బారు ఒకటి ఆకాశంలో ఎగురుతూనే ఉంది, ఎంతకీ ఏ చెట్టుకూ చేరదు. గాలి కూడా జోలపాట మధ్యలో పదం మరిచిపోయిన దాదిలా కాసేపు వీచి, కాసేపు ఆగి, మళ్ళీ మొదటికొచ్చేది. దాన్ని మునిమాపు మడుగు అంటారు.

అంత అందమైన చోట, కుందనపురి యువరాజు కువలయసేనుడు పడవ అంచు పట్టుకుని వాంతి ఆపుకుంటూ కూర్చున్నాడు.

గుర్రం మీద అతన్ని మించినవాడు లేడు. మదపుటేనుగు మీద కూడా కునుకు తీయగలడు. నీళ్ళంటే మాత్రం అతని కడుపు మాట వినదు. పక్కన పచ్చ తలపాగా చుట్టుకుని కూర్చున్న కుర్రవాడు అది చూసి కిసుక్కున నవ్వాడు. చూసేవాళ్ళకి కుర్రవాడే గాని, నిజానికి ఆమె అతని చెల్లెలు హేలావతి. నవ్వే ఆ ముఖంలో కళ్ళు మాత్రం నిప్పుకణికల్లా ఉన్నాయి, రెప్పలు వాచిపోయి ఉన్నాయి.

మామిళ్ళు పూతకొచ్చిన రోజుల్లో కుందనపురి అంతఃపురానికి అత్తర్లమ్మేవాడొకడు వచ్చాడు. "ఈ బంతిలో ఏం కనపడుతుందో చూడు తల్లీ" అని రాకుమారి చేతిలో తెల్లని దంతపు బంతి ఒకటి పెట్టాడు. హేల చూసింది. బంతి మెల్లగా ఎర్రబడింది. వాడు దాన్ని తీసుకుని, దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ వెళ్ళింది అత్తర్ల మూట ఒక్కటే కాదు, ఆమె నిద్ర కూడా. పూత పిందె అయింది, పిందె కాయ అయింది, కాయలు పండి రాలిపోయాయి. ఆమె రెప్ప మూతపడలేదు. "తొలివాన దాకా ఈ ప్రాణం ఆగితే గొప్ప" అని రాజవైద్యుడు తలుపు చాటున చెప్పిన మాట కువలయుడు విన్నాడు. తూర్పు దిక్కున మేఘాలు అప్పుడే ఏనుగుల్లా లేస్తున్నాయి.

"ఏం అబ్బాయీ, దీపం ఎటుంది?" అని అడిగింది పడవ నడుపుతున్న ముసలమ్మ.

ఆమె పేరు రేవమ్మ. కళ్ళకు నల్లగుడ్డ గట్టిగా బిగించి కట్టుకుని తెడ్డు వేస్తోంది.

"సూటిగా ముందరే ఉందవ్వా, మంటపం మీది దీపమేగా? అయినా కళ్ళకు గంతలు కట్టుకుని పడవ నడిపేవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదు."

"గంతలు విప్పితే ఆడ మాంత్రికుడు ఖాళీబంతి చూపిస్తాడు నాయనా. చూశాననుకో, నా నిద్ర కూడా వాడి బల్లెక్కుద్ది. నాకు ఉన్న సుఖం అదొక్కటే, దాన్ని పోగొట్టుకోమంటావా?" అంది రేవమ్మ. "తెడ్డుకి చూపెందుకు? చెయ్యి దాని పని అది చూసుకుంటది. దీపం ఎటుందో చెప్పే నోరు ఒకటుంటే నాకు చాలు. పోయేటప్పుడు వాడి దీపం, వచ్చేటప్పుడు నా గుడిసె దీపం."

హేల ముందుకు వంగి, "అవ్వా, ఆ ఆట సంగతి మళ్ళీ ఓసారి చెప్పు" అంది గొంతు బొంగురు చేసుకుని.

"ఎన్నిసార్లు చెప్పేది పిల్లోడా! వాడు తంద్రకేతుడు. జనం నిద్రలు తిని బతికే మాంత్రికుడు. ఊళ్ళెంట తిరిగే అత్తర్లవాళ్ళు వాడి మనుషులే. ఆట కోలబంతి. కోలతో తెల్లబంతిని పొడవాల, అది పోయి రంగుబంతిని కొట్టాల, రంగుబంతి గుంటలో పడాల. పడితే దాంట్లో ఉన్న నిద్ర దాని మనిషికి తిరిగొస్తది. కానీ ఆ మనిషి కళ్ళు అక్కడే ఉండాల. లేకపోతే నిద్ర గాలిలో కలిసిపోద్ది. బల్ల మీద మోసం చేస్తే బంతులన్నీ పగిలిపోతాయి గనక వాడు చేత్తో మోసం చెయ్యడు. నోటితో చేస్తాడు. ఇంకోటి, నిద్ర పోయినవాళ్ళు ఎవరైనా చేతికి చిక్కితే కాపలాకి పెట్టుకుంటాడు. నిద్రపోని కాపలావాడు ఏ రాజుకి దొరుకుతాడు చెప్పు?"

హేల తలపాగాను నుదుటి మీదికి లాక్కుంది. ఆమె మగవేషానికి కారణం అదే.

కువలయుడికి మాత్రం పెద్ద బెంగ లేదు. కోలబంతిలో కుందనపురి మొత్తానికీ అతనే మొనగాడు. ఆ మొనగాడితనం ఎలాంటిదో ఇక్కడ కాస్త చెప్పుకోవాలి. కుందనపురిలో తెల్లబంతిని రాజబంతి అంటారు. ముత్తాతల నాటి రాజుగారొకాయనకు, ఆడేవాళ్ళంతా తన బంతిని వదిలేసి ఎదుటి బంతికేసి చూస్తున్నారని కోపం వచ్చిందట. ఆ కోపం శాసనమైంది, శాసనం మర్యాదైంది, మర్యాద అలవాటైంది. కోల పొడిచే క్షణంలో వందిమాగధుడు "రాజబంతికి వందనం!" అని కేక వేస్తాడు. ఆడేవాడు గురిబంతి మీంచి చూపు దించి, రాజబంతిని చూస్తూ పొడవాలి. అందరూ అలాగే ఆడేవారు గనక అందరికీ సమానంగా గురి తప్పేది, ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. యువరాజుకు కాస్త తక్కువ తప్పేది. అదే అతని మొనగాడితనం.

పడవ మంటపం మెట్లకు తగిలిందో లేదో, నెత్తి మీద పిడుగు పడ్డట్టు పెద్ద చప్పుడైంది. ఇనుపగద ఒకటి వచ్చి పడవ ముక్కు మీద పడి, చెక్క పేడులు పేడులుగా లేచింది. మెట్ల మీద తాటిచెట్టంత మనిషి నిలబడి ఉన్నాడు. వాడి కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి. వాడు రెండోసారి గద ఎత్తేలోగా కువలయుడు ఒక్క గెంతు గెంతి, వాడి కాళ్ళ మధ్య నుంచి దొర్లి వెనక లేచి నిలబడి, వీపున కట్టుకున్న కోల తీసి వాడి మోచేతి మీద టకటకమని తట్టాడు.

"ఆటకొచ్చాం!" అన్నాడు.

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ!" అన్నాడు ఆ భారీ మనిషి, గద దించి. "నిద్రలేక చిరాగ్గా ఉన్నవాణ్ణి ఇలా కంగారుపెడితే ఎట్లా? నేను బండబాహుణ్ణి. నేనూ ఆటకొచ్చినవాణ్ణే ఒకప్పుడు. పో, లోపల పసుపుబంతి కనపడితే అది నాదే, కాస్త పలకరించు."

లోపల అడుగుపెట్టగానే అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ తలలెత్తి చూశారు. చందనపు స్తంభాల మీద చెక్కిన లతలు నిజంగానే ఊగుతున్నాయి. పైకప్పుకు వేలాడే ముత్యాల జాలర్లు నీటి వెలుగులో ఒకసారి గులాబీగా, ఒకసారి బూడిదగా మెరుస్తున్నాయి. మధ్యలో నల్లమానుతో చేసిన పెద్ద బల్ల, దాని మీద పచ్చికంత మెత్తని ఆకుపచ్చ పట్టు. మూలమూలనా నోరు తెరిచిన మొసలి బొమ్మ, ఆ నోరే గుంట. బల్ల నిండా రంగురంగుల బంతులు. అవి కదలడం లేదు గాని, ఒక్కొక్కటీ కాస్త ఉబ్బుతోంది, కాస్త తగ్గుతోంది, నిదరోయే పసివాళ్ళ పొట్టల్లాగా. చెవి పెట్టి వింటే మంటపమంతా ఊపిరి వినపడుతోంది.

బంగారు గొలుసుల ఉయ్యాల మీద గుండ్రని మనిషి ఒకడు కూర్చుని ఊగుతున్నాడు. బుగ్గలు బూరెల్లా ఉన్నాయి, కళ్ళు సగమే తెరిచి ఉన్నాయి.

"రా నాయనా, రా. ఎండన పడి వచ్చావు, కాస్త మజ్జిగ తాగుతావా?" అన్నాడు తంద్రకేతుడు. ఆ గొంతు వింటే ఎవరికైనా చాప వేసుకోవాలనిపిస్తుంది. "కుందనపురి పోలికలు కనపడుతున్నాయి. చెల్లమ్మకు ఒంట్లో ఎలా ఉంది?"

కువలయుడు పళ్ళు బిగబట్టాడు. "నా చెల్లెలి నిద్ర కోసం వచ్చాను. పందెం చెప్పు."

"నీ నిద్ర పెట్టు. ఒకే దెబ్బ. నీ తెల్లబంతి పోయి ఎర్రబంతిని మొసలి నోట్లో వేసిందా, మీ చెల్లి నిద్ర మీది. వెయ్యలేదా, నీ నిద్ర నాది. ఈ బక్కబ్బాయి ఎవరు?"

"నా కోల మోసేవాడు."

"పాపం, కళ్ళు ఎర్రగా ఉన్నాయి."

"దారిలో దుమ్ము పడిందండీ" అంది హేల, తలపాగా కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. ఆమె బల్ల అవతలి కొనకు వెళ్ళి, నీటి వైపు మూల మొసలి నోరు పక్కన చతికిలపడింది. బల్ల మధ్యలో దానిమ్మగింజలా ఎర్రబంతి మెరుస్తోంది. దాన్ని చూడగానే హేల అటు చెయ్యి చాచబోయి వెనక్కి తీసుకుంది. పుట్టింటి వాకిలి దూరాన్నుంచి కనపడి, లోపలికి వెళ్ళడానికి వీల్లేక నిలబడినట్టుంది ఆమెకు.

కువలయుడు కోల తీసుకుని బల్ల మీదికి వంగాడు. ఎడమచెయ్యి పట్టు మీద ఆనించి, వేళ్ళ మధ్య కోలను జార్చాడు. తెల్లబంతిని చూశాడు, తల ఎత్తి ఎర్రబంతిని చూశాడు. అంతే, ఒళ్ళంతా తీపి బరువు కమ్మింది. చెవుల్లో చిన్నప్పటి ఉయ్యాల కిర్రుమంది. నెయ్యి వేసి కలిపిన వేడి అన్నం తిన్న మధ్యాహ్నం, కిటికీలోంచి వచ్చే వేపగాలి, ఎవరో వీపు నిమురుతున్న చెయ్యి. ఎర్రబంతి ఒకటి రెండైంది, రెండు నాలుగయ్యాయి. మంత్రమేమీ లేదు, అది నిద్ర. నిద్రకేసి చూస్తే నిద్ర రాక మరేం వస్తుంది? తంద్రకేతుడికి మాత్రం కడుపునిండా తిన్నవాడికి అన్నం వాసనలా అదేమీ పట్టదు.

కువలయుడు తల విదిలించుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఉయ్యాల మీంచి మాంత్రికుడు ఎంతో మర్యాదగా "రాజబంతికి వందనం!" అన్నాడు.

పరాయిచోట తన ఊరి మర్యాద వినపడినందుకు యువరాజు ప్రాణం లేచివచ్చింది. చూపు హాయిగా తెల్లబంతి మీదికి దిగింది. కోల పొడిచాడు. తెల్లబంతి పరుగెత్తి, ఎర్రబంతి పక్కనుంచి గడ్డిపోచ సందులో దూరిపోయి, అవతలి అంచుకు తగిలి ఏమీ ఎరగనట్టు ఆగిపోయింది.

హేల కెవ్వుమనబోయి నోరు నొక్కుకుంది.

"అయ్యయ్యో!" అన్నాడు తంద్రకేతుడు, నిజంగానే బాధపడినట్టు. బొద్దుచేత్తో ఖాళీ దంతపు బంతి ఒకటి తీసి కువలయుడి కళ్ళ ముందు పట్టాడు. బంతి నీలంగా మారింది. కువలయుడి లోపల ఎవరో వచ్చి తలుపులూ కిటికీలూ అన్నీ బార్లా తెరిచేసి, చాపలూ దిండ్లూ ఎత్తుకుపోయినట్టయింది. మిట్టమధ్యాహ్నపు వెలుగు ఒకటి తలలో నిండి ఆరడం మానేసింది. ఇన్నాళ్ళూ చెల్లెలు మోస్తున్నది ఏమిటో అతనికి అప్పుడు తెలిసింది, తెలిసి ఏడుపొచ్చింది.

"బండబాహుడు నీకు కాపలాచోటు చూపిస్తాడు. తొందరేం లేదు, కూర్చో" అని మాంత్రికుడు మళ్ళీ ఊగసాగాడు.

హేల కోల తీసుకునే నెపంతో అన్న పక్కకు వచ్చింది.

"అన్నయ్యా, నువ్వు పొడిచేటప్పుడు ఎక్కడ చూస్తున్నావు?" అంది గుసగుసగా.

"రాజబంతిని. ఇంకెక్కడ చూస్తారు?"

"అదే నీ తప్పు. మన కోటలో నేనెప్పుడూ మేడమీది జాలీ సందులోంచి చూసేదాన్ని. పైనుంచి మీ తలపాగాలు తప్ప నాకేం కనపడేవి? ఇవాళ ఎదురుగా కూర్చుని నీ ముఖం చూశాను. కోల కదిలేదాకా అంతా బాగానే ఉంది. చివర్లో నీ చూపు ధబీమని కింద పడింది. చూపుతోపాటు నీ భుజం కూడా కాస్త కుంగింది. గురి అక్కడే పోయింది."

"ఎర్రబంతినే చూస్తూ కూర్చుంటే కోల తెల్లబంతికి తగిలేదెట్లా? పక్కకు పోతే?"

"చీకట్లో అన్నం తింటే ముద్ద చెవిలో పెట్టుకుంటావా?" అంది హేల. "ముందు తెల్లబంతిని చూసుకో, కోల దాని నడుముకు సరిగ్గా పెట్టుకో. చెయ్యి కుదిరాక చూపెత్తి ఎర్రబంతి మీద పెట్టు. ఇక దించకు. అవ్వ తెడ్డు వేసినట్టే. నీ చెయ్యి ఎక్కడికీ పారిపోదు."

"ఎర్రబంతిని చూస్తే నిద్ర..." అని కువలయుడు మధ్యలో ఆగిపోయాడు. బల్లకేసి తిరిగి ఎర్రబంతిని కళ్ళార్పకుండా చూశాడు. ఏమీ రాలేదు. ఉయ్యాల లేదు, వేపగాలి లేదు. కమ్మడానికి అతని దగ్గర నిద్ర ఉంటేగా! ఓడిపోయినవాడే ఆ బంతిని తేరిపార చూడగలడు. కానీ ఓడిపోయాక పందెం పెట్టడానికి ఏమీ మిగల్లేదనుకుని ఇన్నాళ్ళూ అందరూ గద పుచ్చుకుని మెట్ల మీద నిలబడ్డారు.

"తంద్రకేతా! ఇంకొక్క దెబ్బ" అన్నాడు కువలయుడు.

ఉయ్యాల ఆగింది. "దేన్ని పెట్టి ఆడతావు నాయనా? నీ దగ్గరేముంది?"

"కళ్ళున్నాయిగా. ఓడితే నా చూపు తీసేసుకో."

హేల చెయ్యి అతని మోచేతిని గట్టిగా పట్టుకుంది. "వద్దు" అన్న మాట పెదవి దాకా వచ్చి ఆగింది. ఇప్పుడు గొంతు పెగిలితే ఆడగొంతు బయటపడుతుంది. అతను ఆ చేతిని మెల్లగా విడిపించుకుని, ఒకసారి నొక్కి వదిలాడు. ఆమె వెళ్ళి మళ్ళీ మొసలి నోరు పక్కన కూర్చుంది.

తంద్రకేతుడు ఉయ్యాల దిగి బల్ల దగ్గరకు వచ్చాడు. నీలంబంతిని తెచ్చి దగ్గరి గుంట అంచున పెట్టాడు. ఊదినా లోపల పడేటట్టుంది అది. ఎర్రబంతి మాత్రం దూరాన, బల్ల అవతలి కొనకు వాలుగా ఉండిపోయింది.

"కోరుకో. ఇది నీ నిద్ర, చేతికందేంత దగ్గర. అది ఆమె నిద్ర, గురికి అందనంత దూరం. నీది నువ్వు తీసుకుని హాయిగా ఇంటికి పోతే ఎవరైనా తప్పుపడతారా?"

పరాయివాళ్ళ నిద్ర ఇక అతన్ని ఏమీ చెయ్యలేదు, నిజమే. కానీ ఎవరి నిద్ర వాళ్ళని పిలుస్తుంది. నీలంబంతి పిలిచింది. అతని దాది గొంతుతో పిలిచింది, బాబూ అని. ఒక్కసారి, ఒక్క రెప్పపాటు ఇటు చూడు అంది. కువలయుడి మెడ నరాలు వాటికవే అటు తిరగబోయాయి.

అతను బల్ల మీదికి వంగాడు. తెల్లబంతిని చూశాడు. కోల కొనను దాని నడిమికి తెచ్చి, వెనక్కీ ముందుకూ మెల్లగా ఆడించి, చెయ్యి కుదిరిందనుకున్నాక తల ఎత్తాడు. చూపును పచ్చపట్టు మీదుగా నడిపించుకుంటూ తీసుకెళ్ళి ఎర్రబంతి మీద దించాడు. ఎర్రబంతిలో ఏ చోట తగిలితే అది మొసలి నోటికి పోతుందో ఆ చోటు మీద, ఆవగింజంత మెరుపు ఒకటి ఉంటే దాని మీద, నిలిపాడు. ఆ మెరుపు వెనక, బల్ల అంచు మీదుగా, హేల కళ్ళు కనపడ్డాయి. ఎర్రగా, రెప్ప వాలక, అతన్నే చూస్తున్నాయి.

కోల వెనక్కి వెళ్ళింది.

"రాజబంతికి వందనం!" అని తంద్రకేతుడు ఈసారి మంటపం దద్దరిల్లేలా అరిచాడు.

పుట్టినప్పటినుంచీ ఆ కేక వినపడితే దిగిన రెప్పలవి. అవి బరువెక్కాయి. ఒకపక్క నీలంబంతి దాది గొంతుతో బతిమాలుతోంది, ఇంకోపక్క ముత్తాతలంతా మెడ మీద చేతులు వేసి కిందికి నొక్కుతున్నట్టుంది. కువలయుడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చూపు మాత్రం అక్కడే ఉంది. చెయ్యి దాని పని అది చూసుకుంది.

టక్!

ఎర్రబంతి వాలుగా దొర్లి, పట్టు మీద గీత గీసినట్టు పోయి, మొసలి నోట్లో గుటుక్కున పడింది. అక్కడితో ఆగకుండా తెల్లబంతి పక్కకు తిరిగి, దారిలో ఉన్న పసుపుబంతిని భుజంతో ఒక్క తోపు తోసింది. అది కూడా పోయి ఇంకో మొసలి నోట్లో పడింది. అది మాత్రం యువరాజు గురి కాదు, అదృష్టం. కుందనపురి వాళ్ళు అడిగితే తర్వాత ఏం చెప్పుకున్నాడో మనకు తెలియదు.

మెట్ల మీంచి కొండ విరిగిపడ్డట్టు చప్పుడు వచ్చింది. బండబాహుడు నిలుచున్నపళాన వాకిలికి అడ్డంగా పడి గుర్రుకొట్టసాగాడు. ఇటు మొసలి నోట్లోంచి ఎర్రని పొగ సన్నగా లేచి హేల కళ్ళల్లోకి జారింది. ఆమె "అమ్మయ్య" అని మాత్రం అంది. అది చాలా చిన్న మాట. ఎన్నాళ్ళ నుంచో తెరుచుకుని ఉన్న రెప్పలు మూతపడ్డాయి, మెడ వాలింది, తలపాగా ఊడి జారిపోయింది. జారిన జుట్టు నల్లగా మంటపం అంచు దాటి నీళ్ళకేసి వేలాడింది.

"ఓహో! చెల్లమ్మే వచ్చిందా?" అన్నాడు తంద్రకేతుడు. మొదటిసారి వాడి కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి. "ఆట న్యాయంగా గెలిచావు, ఆమె నిద్ర ఆమెది. నువ్వు మాత్రం నా కాపలావాడివే. పట్టుకోండిరా!"

తెల్లబంతి తిరిగి తిరిగి వచ్చి నీలంబంతికి జానెడు దూరంలో ఆగింది. ఒక్క పొడుపు చాలు, అతని నిద్ర అతనికి వచ్చేస్తుంది. కువలయుడి చేతిలో కోల అటు తిరిగింది కూడా. అప్పుడే హేల భుజం మెల్లగా అంచు మీంచి జారింది. మెలకువే లేని మనిషి నీళ్ళల్లో పడితే ఈదుతుందా?

అతను బల్ల మీంచి దూకాడు. బంతులు చెల్లాచెదురయ్యాయి. ఆమె జుట్టు నీటిని తాకుతుండగా నడుము పట్టుకుని పైకి లాగి, భుజాన వేసుకుని వాకిలికేసి పరుగెత్తాడు. వెనక ఎర్రకళ్ళ మనుషులు ఈటెలతో వచ్చిపడుతున్నారు. బండబాహుడి పొట్ట ఎక్కి ఇవతలికి దూకి, చెల్లెలిని పడవలో పడేసినంత పనిచేసి, "అవ్వా, తొయ్యి!" అని అరిచాడు. ఆ పొట్ట ఎక్కే ఒడుపు తెలియక కాపలావాళ్ళు ఒకళ్ళమీద ఒకళ్ళు పడ్డారు. ఒకడు విసిరిన ఈటె మాత్రం వచ్చి రేవమ్మ తెడ్డును మధ్యకు విరిచేసింది.

"ఓరి నీ చేతులు పడ! మా ఆయన చెక్కిన తెడ్డురా అది!" అని రేవమ్మ గంతల్లోంచే తిట్టింది.

కువలయుడు చేతిలోనే ఉండిపోయిన కోలను నీళ్ళల్లోకి దింపాడు. మడుగు లోతు లేనిచోట అది అడుగుకు తగిలింది. గట్టిగా పొడిచి తోశాడు. పడవ కదిలింది. దూరమవుతున్న మంటపంలోంచి జోలపాట లాంటి గొంతు నీటి మీదుగా వచ్చింది. "నీ నిద్ర నా దగ్గర భద్రంగా ఉంటుంది నాయనా. ఎప్పుడొస్తావో రా!"

అతను వెనక్కి చూడలేదు.

"దీపం ఎటుంది?" అంది రేవమ్మ. హేల తల ఆమె ఒళ్ళో ఉంది.

"అవ్వా, నీ గుడిసెలో దీపాలెన్ని?"

"ఒకటే. రెండోదానికి నూనెక్కడిది?"

"ఒడ్డున మూడు కనపడుతున్నాయి."

ముసలమ్మ ఒడ్డుకేసి చెవి ఒగ్గింది. "అయితే ఒడ్డున తిరిగే వాడి మనుషులు ముందే చేరారు. కదిలేవి కాగడాలు నాయనా. కదలనిది నాది. దాన్ని వదలకు. దాని కిందే రెల్లుపొదలో సన్నని పాయ ఉంది. ఒక్క పడవ పడుద్ది. అటూ ఇటూ అయిందా, వాళ్ళ ఒళ్ళో పడతాం."

రెండు కాగడాలు ఒడ్డు వెంబడి అటూ ఇటూ పరుగెడుతూ, చూడు చూడు అన్నట్టు ఊగుతున్నాయి. కువలయుడు వాటి మధ్య ఆవగింజంత వెలుగు మీద చూపు నిలిపాడు. కోల వెయ్యడం, తొయ్యడం, వెయ్యడం, తొయ్యడం. కడుపులో తిప్పడం ఎప్పుడు ఆగిపోయిందో అతను గమనించనేలేదు.

టప్‌మని అతని ముంజేతి మీద చల్లగా ఏదో పడింది. ఇంకొకటి పడవ చెక్క మీద పడింది. మడుగంతా సన్నగా చిటపటమంది. తొలివాన.

వైద్యుడి మాట చెవిలో మోగింది. చూపు దించి చెల్లెలి ముఖం చూడాలని ప్రాణం కొట్టుకుంది. ఆ కేకకన్నా, ఆ నీలంబంతికన్నా గట్టిగా అతని రెప్పల్ని లాగింది ఇదే. దించితే పాయ తప్పుతుంది.

"అవ్వా," అన్నాడు దీపాన్నే చూస్తూ, "పిల్ల ఎలా ఉంది?"

రేవమ్మ తడిమి చూసింది. చినుకు పడిన బుగ్గ, మూసిన రెప్పలు, ముక్కు దగ్గర వెచ్చని గాలి.

"చినుకు పడితే చిరాకుపడి అటు తిరిగి పడుకుంది" అంది. "గురక కూడా పెడుతోంది. రాకుమార్తెలు గురక పెడతారా అబ్బాయీ?"

"మా చెల్లి పెడుతుంది" అన్నాడు కువలయుడు. దీపం కన్నీళ్ళల్లో అలికినట్టయింది. అయినా రెప్ప దించకుండా, కోల మరోసారి అడుగుకు పొడిచి, ఆ వెలుగు కిందికి పడవను తోశాడు.